బ్రేకు కుదిరాకే ప్రయాణం

విజయవాడ ఆటోనగర్‌లో లారీ సామాను కావాలంటే నాలుగడుగుల్లో దొరుకుతుంది. అంబాసిడర్ సామాను అడిగితే మాత్రం ఒక కొట్టువాళ్లు ఇంకో కొట్టుకు పంపుతారు, వాళ్లు సందు చివరికి చూపిస్తారు. నేను వెతుకుతున్నది బ్రేకు మాస్టర్ సిలిండర్. మా పెదనాన్న నడిపిన 1974 నాటి మార్క్ 2 అంబాసిడర్ కోసం. కంపెనీ సామాను మీద ఆశ పెట్టుకునే రోజులు కావివి. హిందుస్థాన్ మోటార్స్ 2014 మే నెలలో బెంగాల్‌లోని ఉత్తరపారా ఫ్యాక్టరీలో అంబాసిడర్ తయారీ ఆపేసింది. 2017లో ఆ పేరును కూడా 80 కోట్ల రూపాయలకు ఫ్రాన్సుకు చెందిన ప్యూజోకి అమ్మేసింది. ఇక మనకు మిగిలింది బయటి తయారీదారులు పోతపోసి, బోరు తీసి, పెట్టెలో పెట్టి అమ్మే సిలిండర్లే.

చివరికి ఒక చిన్న కొట్టులో అటక మీంచి అట్టపెట్టె ఒకటి దించి, దుమ్ము తుడిచి ఇచ్చారు. దాని మీది తయారీదారు పేరు నేనెప్పుడూ విన్నది కాదు. "పాత మోడలేగా అండీ? ఫ్లోరు కింద బిగించేది. ఇదే," అన్నాడు కొట్టు యజమాని. దాంతోపాటు రాగి వాషర్లు, సీలు విప్పని డాట్ 3 బ్రేకాయిల్ డబ్బాలు తీసుకుని గుంటూరు బస్సెక్కాను.

పెదనాన్న పోయాక ఆ కారు పర్చూరుకు ఇవతలి పల్లెలో, ఇంటి ముందు చావిట్లో ఉండిపోయింది. ఇంజను అప్పుడప్పుడూ తిప్పుతూనే ఉన్నారు. బ్రేకు పెడల్ మాత్రం తొక్కితే మెల్లగా ఫ్లోరు దాకా దిగిపోయేది. "నడపగలిగినోళ్లు తీసుకుపోండిరా, ఊరికే తుప్పు పట్టించబాకండి," అని పెద్దమ్మ ఎప్పుడు ఫోను చేసినా అనేది. కారును గుంటూరు తెచ్చుకోవాలని నాకూ ఉంది. అయితే లారీ మీద ఎక్కించుకుని కాదు, నడుపుకుంటూ తేవాలి. అలా తేవాలంటే ముందు అది ఆగాలి.

గుంటూరులో మేస్త్రి పానాల సంచీ సర్దుకుని నా కోసం ఎదురు చూస్తున్నారు. మిర్చి వ్యాపారుల కార్లు, డాక్టర్ల కార్లు, ఆఫీసు జీపులు బాగు చేస్తూ జీవితం గడిపిన మనిషి. ఇప్పుడు షెడ్డు కొడుకు చూసుకుంటున్నాడు. పెట్టె చేతికివ్వగానే పేరు చదవలేదు. సిలిండర్ బయటికి తీసి, బోరులో వేలు పెట్టి ఒక చుట్టు తిప్పారు. అంచుల్లో గరుకు తగులుతుందేమోనని చూడటం అది.

"పేరుదేముంది బాబూ. పాతదాని పక్కన పెడితే గానీ దీని సంగతి తెలీదు," అన్నారు.

తెల్లారకముందే మా బావమరిది కారులో బయల్దేరాం. మార్చి నెల, మిర్చి యార్డుకు మంచి సీజను. చుట్టుగుంట దగ్గరికి వచ్చేసరికే లారీల వరుస మొదలైంది. రాత్రంతా ప్రయాణం చేసి వచ్చిన టిక్కీలు పర్వతాల్లా పేర్చి ఉన్నాయి. తేజ, 334, బాడిగ అని రకాల పేర్లు చెప్పుకుంటూ హమాలీలు దించుతున్నారు. కారు అద్దాలు ఎక్కించుకున్నా ఘాటు ఆగలేదు, ముగ్గురికీ పొలమారింది. ఈ సీజన్లో గుంటూరు చుట్టూ ఏ రోడ్డు చూసినా ఇదే: ఎత్తుగా కట్టిన లోడ్లు, వెనక లైటు లేని ట్రాక్టర్ ట్రక్కులు, కోత కూలీలను కుక్కుకుని వెళ్లే ఆటోలు. కర్నూలు వైపు నుంచి కుటుంబాలతో సహా వచ్చిన వలస కూలీలు కూడా ఆ ఆటోల్లో ఉంటారు. తిరుగు దారిలో నేను పాత కారుతో ఈ గుంపు మధ్యకే రావాలి.

జాతీయ రహదారి ఎక్కాక కుడివైపు కొండవీటి కొండలు తోడొచ్చాయి. యడ్లపాడు దాటుతుంటే స్పిన్నింగ్ మిల్లులు, వాటి గేట్ల ముందు బేళ్ల లారీలు. చిలకలూరిపేటలో టీ తాగి పర్చూరు రోడ్డుకు తిరిగాం. అక్కణ్ణుంచి నల్లరేగడి రాజ్యం. పత్తి తీతలు అయిపోయి చేలగట్ల మీద పత్తికట్టె మోపులు పడున్నాయి. శనగ కోసేసిన చేలు బోసిగా ఉన్నాయి. మధ్యమధ్యలో కల్లాల్లో ఎండబోసిన మిరప పట్టాల మీద ఎర్రగా పరుచుకుని ఉంది. ఈ భూమి వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుని నెర్రెలిస్తుంది. పైన ఎంత తారు పోసినా రోడ్డు అడుగున అది కదులుతూనే ఉంటుంది. అందుకే ఇక్కడి రోడ్లు అలలు అలలుగా ఉంటాయి. అలాంటి రోడ్డు మీద బ్రేకు వేస్తే బండి ఒక పక్కకు లాగిందంటే మనిషి చేతిలో ఉండదు. మేస్త్రి కిటికీలోంచి రోడ్డునే చూస్తూ, "వచ్చేటప్పుడు ఈ ఎగుడుదిగుళ్ల మీదే చూద్దాం బాబూ, బ్రేకు సమంగా పడుతుందో లేదో," అన్నారు.

పెద్దమ్మ గుమ్మంలోనే నిలబడి ఉంది. "ముందు టిఫిను తినండి, అదెక్కడికీ పోదు," అంది. మేస్త్రికి ఇడ్లీలు రెండోసారి వడ్డిస్తూ, "ఆయన ఉన్నప్పుడు ఒంగోలు కోర్టుకు దీంట్లోనే పోయొచ్చేవాళ్లు అన్నయ్యగారూ," అని చెప్పింది. చావిట్లో కారు మీద కప్పిన పట్టా తీశాం. తెల్లరంగు వెలిసి గోధుమవన్నెకు తిరిగింది. స్టీరింగు పక్కన గేరు రాడ్డు, ముందు పొడుగాటి బెంచీ సీటు, అన్నీ ఉన్నవున్నట్టే ఉన్నాయి.

డ్రైవరు కాళ్ల కింది చాప ఎత్తితే ఫ్లోరులో ఒక రబ్బరు బిరడా కనిపిస్తుంది. దాని కిందే మాస్టర్ సిలిండర్. అంబాసిడర్‌కు మూలమైన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కాలపు పద్ధతి ఇది. సిలిండర్ బానెట్టు కింద కాకుండా డ్రైవరు పాదాల అడుగున ఉంటుంది. బానెట్టు ఎత్తి ఆయిల్ చూసుకునే అలవాటున్న ఈ కాలపు మనిషికి అది కనిపించనే కనిపించదు. అందుకే ఈ కార్లలో బ్రేకాయిల్ ఏళ్ల తరబడి ఎవరూ చూడకుండా ఉండిపోతుంది.

బ్రేకాయిల్‌కు గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉంది. కొత్త డాట్ 3 ఆయిల్ 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదని ప్రమాణం. అదే తేమ పట్టిన ఆయిల్‌కు 140 డిగ్రీలు. వేడికి అది మరిగి ఆవిరైతే పెడల్ మెత్తబడి బ్రేకు పడదు. నడపకుండా పెట్టిన కారులో ఇంకో నష్టం: ఆ తేమ సిలిండర్ గోడను తింటుంది. సముద్రపు గాలి తగిలే ఈ ప్రాంతంలో, వానాకాలాలన్నీ చావిట్లోనే గడిపిన కారులో ఏం జరిగి ఉంటుందో ఊహించవచ్చు.

జాకీల మీద లేపి, కింద దిమ్మెలు పెట్టి, మేస్త్రి చాప పరుచుకుని దూరారు. పుష్ రాడ్ పిన్ను ఊడదీయడం తేలికైంది. సిలిండర్ బోల్టులు మాత్రం పొద్దెక్కిందాకా సతాయించాయి. పక్కనే టార్షన్ బార్ ఉండి పానాను తిరగనివ్వదు. కిరోసిన్ పోసి నానబెట్టి, ఒక్కో పట్టు జరుపుతూ తీశారు. బయటికొచ్చిన పాత సిలిండర్‌ను తిరగేస్తే ఆయిల్ బదులు బురద రంగు ద్రవం కారింది. పిస్టన్ ఊడదీసి బోరులోకి టార్చి వేశాం. గోడ మీద మచ్చలు మచ్చలుగా గుంటలు. రబ్బరు కప్పు ఆ గుంటల మీదుగా జరిగేటప్పుడు ఆయిల్ వెనక్కి జారిపోతుంది, పెడల్ దిగిపోతుంది. కిట్ వేస్తే సరిపోదా అని బావమరిది అడిగాడు. "గోడ బాగుంటేనే అబ్బాయ్ కిట్. గోడే పోయాక కొత్త రబ్బరు వేస్తే నెల తిరక్కముందే మళ్లీ ఇదే," అన్నారు మేస్త్రి.

ఆ తరవాత జరిగిన పనే ఈ ప్రయాణమంతటిలోనూ నాకు విలువైంది. గోనెపట్టా మీద పాతది, కొత్తది పక్కపక్కన పెట్టి మేస్త్రి ఒక్కొక్కటే పోల్చారు.

మొదట బోరు. వెర్నియర్ పెట్టి రెండూ కొలిచారు, సమానంగా ఉన్నాయి. ఇక్కడ తేడా వస్తే బ్రేకు స్వభావమే మారిపోతుంది. 7/8 అంగుళం బోరు ఉండాల్సిన చోట ఒక అంగుళం బోరు పెడితే వైశాల్యం దాదాపు 30 శాతం పెరుగుతుంది. అంటే అంతే బ్రేకుకు కాలితో అంత ఎక్కువగా తొక్కాలి. చిన్న బోరు పెడితే తొక్కుడు తేలికవుతుంది కానీ పెడల్ లోతుకు పోతుంది.

రెండోది మర. పాత కారు గొట్టాల నట్లు అంగుళాల లెక్కవి. 3/8 అంగుళం అంటే తొమ్మిదిన్నర మిల్లీమీటర్లు. ఇప్పటి పది మిల్లీమీటర్ల మరకు అది ఎంత దగ్గరంటే, కంటికి తేడా కనిపించదు. ఒకదాంట్లో ఒకటి రెండు చుట్లు ఎక్కుతుంది కూడా. పానాతో బిగించేస్తే బిగిసినట్టే ఉంటుంది, గట్టిగా బ్రేకు తొక్కిన రోజున ఊడుతుంది. మేస్త్రి గొట్టం నట్టును వేళ్లతోనే, పానా తాకించకుండా, చివరి దాకా తిప్పి చూశారు. "వేళ్లకు లొంగితేనే దాని జోడు," అన్నారు.

మూడోది ఆయిల్ బయటికెళ్లే చోట ఉండే చెక్ వాల్వ్. డ్రమ్ము బ్రేకులకు పెడల్ వదిలాక కూడా గొట్టాల్లో కొద్దిపాటి ఒత్తిడి మిగలాలి. అప్పుడే చక్రాల దగ్గరి రబ్బరు కప్పులు గోడలకు అంటుకుని ఉంటాయి, గాలి లోపలికి రాదు. కొత్తదాన్ని విప్పి వాల్వ్ ఉందని చూశాకే ముందుకెళ్లారు.

నాలుగోదాంట్లో తేడా దొరికింది. పుష్ రాడ్ వచ్చి ఆనే గుంట కొత్త పిస్టన్‌లో లోతు తక్కువ. పాత రాడ్డును ఉన్నదున్నట్టు బిగిస్తే, పెడల్ తొక్కకపోయినా పిస్టన్ కొంత ముందుకు నెట్టుకుని ఉంటుంది. దానివల్ల ఏమవుతుందో మేస్త్రి బోరులో టార్చి వేసి చూపించారు. పిస్టన్ కప్పుకు సరిగ్గా ముందు సూదిమొనంత రంధ్రం ఒకటి ఉంది. పెడల్ వదిలినప్పుడు చక్రాల నుంచి వెనక్కొచ్చే ఆయిల్ ఆ రంధ్రం గుండానే పై తొట్టిలోకి చేరాలి. కప్పు దాన్ని మూసేసి ఉంటే ఆయిల్‌కు దారి ఉండదు. పది కిలోమీటర్లు నడిచేసరికి డ్రమ్ములు కాగుతాయి, ఆయిల్ వ్యాకోచిస్తుంది, షూలు వాటంతటవే పట్టుకుంటాయి, చివరికి బండి రోడ్డు మధ్య బిగుసుకుపోతుంది. ఆగకపోవడం ఎంత ప్రమాదమో, అడక్కుండా ఆగిపోవడమూ అంతే ప్రమాదం.

లాక్ నట్టు వదులు చేసి రాడ్డు పొడవు తగ్గించారు. పెడల్‌ను చిటికెన వేలితో నొక్కితే కొంచెం వట్టిగా కదిలి, ఆ తరవాతే పిస్టన్‌కు తగలాలి. కొత్త సిలిండర్ లోపలి భాగాలన్నీ కొత్త బ్రేకాయిల్‌తోనే కడిగారు. పెట్రోలు, కిరోసిన్, ఇంజనాయిల్ చుక్క తగిలినా ఈ రబ్బరు ఉబ్బి పాడవుతుంది. ఇందాక బోల్టులకు కిరోసిన్ వాడిన చేతులను మేస్త్రి సబ్బుతో రుద్ది రుద్ది కడుక్కున్నాకే రబ్బరు కప్పులు ముట్టుకున్నారు.

బిగింపు అయ్యాక ఎయిర్ తీయడం. మాస్టర్ సిలిండర్‌కు అన్నిటికన్నా దూరంగా ఉండేది వెనక ఎడమ చక్రం, అక్కడ మొదలెట్టాం. నేను పెడల్ మీద, మేస్త్రి చక్రం దగ్గర, బావమరిది తొట్టిలో ఆయిల్ తగ్గకుండా పోస్తూ. "తొక్కు... పట్టుకో... వదులు." నిపుల్‌కు తగిలించిన సన్నగొట్టంలో మొదట నల్లటి నీళ్లు, తరవాత బుడగలు, చివరికి తేటగా తేనెరంగు ఆయిల్. వెనక కుడి, ముందు ఎడమ, ముందు కుడి, అదే క్రమం. తరవాత డ్రమ్ము రంధ్రంలోంచి స్క్రూడ్రైవర్ పెట్టి ఒక్కో షూ తాకేదాకా తిప్పి, ఒక పన్ను వెనక్కి వదిలారు.

పెడల్ గట్టిపడింది. అయినా మేస్త్రి నమ్మలేదు. నన్ను మెల్లగా పెడల్ తాకమని, తాను ఫ్లోరు బిరడా తీసి తొట్టిలోకి టార్చి వేశారు. "రా, నువ్వే చూడు," అని చోటిచ్చి, పెడల్ మీద తన చెయ్యి పెట్టారు. పెడల్ కదిలిన తొలిక్షణంలో ఆయిల్ అడుగు నుంచి సన్నటి ధార, ఇసుక చలమలో ఊట లేచినట్టు, పైకి ఎగిసి ఆగిపోయింది. ఆ చిన్న రంధ్రం తెరిచే ఉందనడానికి అదే సాక్ష్యం. పెడల్‌ను బలంగా తొక్కిపట్టి చాలాసేపు ఉంచాం, వెంట్రుకవాసి దిగలేదు. ప్రతి చక్రం కింద పాత పేపరు పరిచి ఆ రాత్రికి అక్కడే పడుకున్నాం. తెల్లారి చూస్తే నాలుగు పేపర్లూ పొడిగా ఉన్నాయి.

ఆయిల్ ఒత్తిడితో నాలుగు చక్రాలనూ ఒకేసారి పట్టించే ఈ ఏర్పాటుకు 1917లో అమెరికాలో మాల్కమ్ లౌహెడ్ పేటెంటు తీసుకున్నాడు. 1921లో డ్యూసెన్‌బర్గ్ కారుతో అది అమ్మకానికి వచ్చింది. ఆయన పేరే లాక్‌హీడ్ అని అక్షరాలు మార్చుకుని ఈ బ్రేకులకు స్థిరపడింది. పెదనాన్న కారులో ఉన్నది ఆ తొలి పద్ధతికి దగ్గరి చుట్టమే: ఒకే గది, ఒకే దారి. ఒక్క చోట కారినా నాలుగు చక్రాల బ్రేకూ పోతుంది. రెండు వేరు దారులు ఉండాలని అమెరికా 1968 నుంచి కార్లకు తప్పనిసరి చేసింది. మన కారుకు ఆ రెండో దారి లేదు. కనుక ఉన్న ఒక్క దారినీ మనమే చూసుకోవాలి. వెనక చక్రాలకు తీగతో పనిచేసే హ్యాండ్ బ్రేకును కూడా మేస్త్రి అదే శ్రద్ధతో బిగించారు.

పెద్దమ్మ బానెట్టుకు పసుపు, కుంకుమ పెట్టి టైరు కింద నిమ్మకాయ ఉంచింది. "మెల్లగా పో నాయనా," అంది. ఊరి డొంకలో నడక వేగంతో బ్రేకు చూశాం. పర్చూరు రోడ్డు ఖాళీగా ఉన్న చోట ఇరవై వేగంలో, తరవాత నలభైలో, స్టీరింగు మీద వేళ్లు వదులుగా ఉంచి తొక్కాను. మొదటిసారి ఎడమకు లాగింది. అక్కడే ఆపి కుడి ముందు చక్రం షూను ఒక పన్ను బిగించారు మేస్త్రి. మళ్లీ చూస్తే అలల రోడ్డు మీద కూడా నిటారుగా నిలిచింది. చిలకలూరిపేటలో దిగి ఒక్కో చక్రం మీద అరచెయ్యి పెట్టి చూశారు. నాలుగూ ఒకే మోస్తరు గోరువెచ్చగా ఉన్నాయి. ఒకటి కాగి ఉంటే అక్కడితో ప్రయాణం ఆపేసేవాళ్లం.

రహదారి మీద ఎడమ వరుసలోనే, యాభై దాటకుండా వచ్చాను. వెనక బావమరిది కారు ఇండికేటర్లు వేసుకుని కాపు కాస్తోంది. యడ్లపాడు ఇవతల ఒక ఆటో నన్ను దాటి ముందుకొచ్చి, చెయ్యి చూపకుండా పక్కకు తిరిగి ఆగింది. వెనక బల్ల మీద నలుగురు కూలీలు రోడ్డువైపు కాళ్లు వేలాడేసుకుని కూర్చున్నారు, ఒకావిడ ఒళ్లో పసిబిడ్డ. తొక్కాను. పెడల్ ఎక్కడ అందాలో అక్కడ అందింది. కారు ముక్కు వంచి, పక్కకు జరక్కుండా, వాళ్లకు రెండు మూడు గజాల ఇవతల నిలబడింది. ఆ బిడ్డ నావైపే చూస్తోంది. మేస్త్రి ఏమీ అనలేదు, ముందు అద్దం మీద ఆనించిన చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకున్నారు.

యాభై ఏళ్లు దాటిన వాహనాలను వింటేజ్‌గా నమోదు చేసుకునే వీలు 2021లో కేంద్రం కల్పించింది. వీఏ అక్షరాలున్న నంబరు ప్లేటు వస్తుంది. అయితే అలాంటి బండిని రోజువారీ తిప్పుకోకూడదు, ప్రదర్శనలకో ర్యాలీలకో తీసుకెళ్లాలి. పెదనాన్న కారును నేను మామూలు రిజిస్ట్రేషన్‌తోనే, మామూలు రోడ్డు మీదే నడపాలనుకుంటున్నాను. కాబట్టి దానికి వయసు పేరు చెప్పి రాయితీ అడగను. మన కారు మీద మనకున్న మమకారం రోడ్డు మీది కూలీకి ఏ మేలూ చెయ్యదు. ఆమెకు కావాల్సింది అది ఆగడం ఒక్కటే.

పాత కారు చేరదీసినవాళ్లు చాలామంది మొదట రంగు, క్రోము, సీటు కవర్ల గురించి అడుగుతారు. నన్నడిగితే మొదటి రూపాయి బ్రేకుకే ఖర్చు పెట్టమంటాను. బయటి తయారీ సామాను వాడక తప్పదు, వాడండి. పెట్టె మీది పేరును బట్టి మాత్రం నమ్మొద్దు, తోసిపారేయనూ వద్దు. పాతదాన్ని పారేయకుండా పక్కన పెట్టుకుని బోరు, మర, వాల్వ్, పిస్టన్ గుంట నాలుగూ పోల్చండి. పోల్చగలిగిన మేస్త్రులు మన ఊళ్లల్లో ఇంకా ఉన్నారు. వాళ్ల దగ్గర కూర్చుని నేర్చుకునే కుర్రాళ్లే తగ్గిపోతున్నారు.

మా కారు ఇప్పుడు గుంటూరులో మేస్త్రి షెడ్డులోనే ఉంది. మాస్టర్ సిలిండర్ కొత్తదయ్యాక ఒత్తిడంతా ఇక పాత గొట్టాల మీద, చక్రాల దగ్గరి రబ్బరు హోసుల మీద పడుతుంది. అవి మారుస్తున్నాం, వీల్ సిలిండర్లు కూడా. ఆ విప్పుడు పనికి మేస్త్రి తన మనవణ్ణి కూర్చోబెట్టారు, వెర్నియర్ వాడి చేతికిచ్చారు. రంగు వచ్చే ఏడాది వేయిద్దాం అనుకున్నాం.